నీటి ఒడ్డున గది తీసుకునే ముందు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కిందటి వారం కూరగాయల బండి దగ్గర మా వీధిలోని ఒకావిడ నన్ను ఆపింది. "మీరు రేడియోలో అన్నీ చెబుతారు కదండీ! పిల్లలకు సెలవులొస్తున్నాయి. ఎక్కడైనా నీళ్ల ఒడ్డున నాలుగు రోజులుండి రావాలని ఉంది. మంచి హోటలు ఒకటి చెప్పి పుణ్యం కట్టుకోండి" అంది. అడుగుతూనే ఆవిడ బెండకాయల చివర్లు ఒక్కొక్కటే విరిచి చూస్తోంది, లేతవో ముదురువో అని. నాకు నవ్వొచ్చింది. చివర విరవకుండా అరకిలో బెండకాయలు కొనని మనం రోజుకు మూడువేలు పెట్టి గది తీసుకునేటప్పుడు ఏం విరిచి చూస్తున్నాం చెప్పండి? ఫోనులో బొమ్మ చూస్తాం. ఎవరో బాగుందని రాసింది చదువుతాం. డబ్బు కట్టేస్తాం. అంతేగా!

నేనూ అలాగే చేశాను. 2021లో మేమొక సముద్రపు ఊరికి వెళ్లాం. ఊరి పేరూ హోటలు పేరూ చెప్పను, వాటితో పనిలేదు. నేనూ మావారూ పిల్లలిద్దరూ, డెబ్బై దాటిన మా అత్తగారూ, అయిదుగురం. "సముద్రం కనిపించే గది" అని చెప్పి రోజుకు అయిదువందలు ఎక్కువే తీసుకున్నారు. కనిపించలేదని చెబితే అబద్ధమే అవుతుంది. కిటికీ తెరిచి ఎడమ చెంప ఊచలకు ఆనించి నిలబడితే, రెండు మేడల సందులోంచి కొడవలంత నీలం కనబడింది. పిల్లలు వంతులు వేసుకుని చూశారు. అదైతే నవ్వుకోవచ్చు లెండి.

నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆ గదిలో స్నానాలగదికి జానెడెత్తు గడప. లోపల నున్నటి పలకలు, ఎప్పుడూ తడే. పట్టుకోవడానికి గోడకు ఒక్క కమ్మీ లేదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. రెండు రోజులు ఆవిడ ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున పెదవులు ఎండిపోయి, కళ్లు తిరుగుతున్నాయంటే అప్పుడు అడిగాను. రాత్రిపూట ఆ గడప దాటాల్సి వస్తుందని ఆవిడ మధ్యాహ్నం నుంచే మంచినీళ్లు తాగడం మానేసిందట. "మీరంతా సరదాగా ఉన్నారు కదా, ఎందుకులే అమ్మాయ్ అనుకున్నాను" అంది. సముద్రం ఒడ్డున కూర్చుని నీళ్లు తాగని మనిషి! నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే తిరుగుప్రయాణం కట్టాం.

అందుకే నేనిప్పుడు హోటలుకు ఫోను చేస్తే సముద్రం సంగతి ఆఖర్న అడుగుతాను. మొదట అడిగేది స్నానాలగది గురించే. కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉందా, గడప ఎంతెత్తు, పట్టుకోవడానికేమైనా ఉందా, గది నేలమీదా మేడమీదా, లిఫ్టు ఉంటే కరెంటు పోయినప్పుడు కూడా నడుస్తుందా? ఇవన్నీ అడిగితే అవతలివాళ్లు విసుక్కుంటారని మొహమాటపడకండి. విసుక్కునే హోటలైతే ఎలాంటిదో అక్కడే తెలిసిపోయింది, మంచిదే. సరిగ్గా నడిపేవాళ్లు చక్కగా చెబుతారు. ఒకచోట ఆ అబ్బాయి నా ఫోను పెట్టించి, తాను గదిలోకి వెళ్లి చూసి, "గడప నాలుగంగుళాలుందండీ, కావాలంటే పీట వేయిస్తాం" అన్నాడు. ఇంకేమీ అడక్కుండా ఆ గదే తీసుకున్నాను.

ఇంకో సంగతి. బొమ్మలు చూస్తే గదిది కాదు, వాకిలిది చూడండి. మంచంమీద దుప్పటి మడతపెట్టి, దాన్ని హంసలాగా చుట్టి పెట్టడం అందరికీ వచ్చు. గదినుంచి నీళ్లదాకా దారి ఎలా ఉంది, మెట్లెన్ని, మెట్లకు అడ్డుకమ్మీలున్నాయా అన్నది ఎవరూ చూపించరు. అడిగితే ఫోనులోనే పంపిస్తారు. అడగాలి, అంతే.

సముద్రపు ఒడ్డు ఊళ్లలో మరో చిక్కు, ఉప్పునీళ్లు. చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు. తలంటుకుంటే జుట్టు అట్టకడుతుంది. వాళ్లిచ్చే కాఫీ ఏదోలా ఉందే అనుకుంటాం, కాఫీగింజల తప్పు కాదది, నీళ్లది. తాగడానికి సీసా నీళ్లు సరే, వంటకు ఏ నీళ్లు వాడుతున్నారని కూడా అడగండి. ఉప్పునీళ్లలో కందిపప్పు సరిగా ఉడకదని మనకు తెలియంది కాదుగా! పప్పు పలుకుగా వస్తే వంటవాణ్ణి తిట్టే ముందు నీళ్ల సంగతి కనుక్కోవాలి.

భోజనాల దగ్గర నాకు ఒక ఫిర్యాదు ఉంది. కోనసీమలో దిగినా, కృష్ణ ఒడ్డున దిగినా, విశాఖలో దిగినా చేతికిచ్చే కార్డు ఒకటే. పనీరు, గోబీ, ఎర్రగా ఏదో పులుసు. చుట్టూ పనసచెట్లున్న ఊళ్లో పనసపొట్టు కూర ఉండదు! ఒకసారి ఉండబట్టలేక వంటింటి గుమ్మం దగ్గరికే వెళ్లి, "బాబూ, మీ ఇంట్లో ఇవాళ ఏం వండారు?" అని అడిగాను. ఆ వంటమనిషి మొదట కంగారుపడ్డాడు. సంగతి తెలిశాక మర్నాడు ఆవపెట్టిన పనసపొట్టు కూరా, కొబ్బరిపచ్చడీ చేసిపెట్టాడు. ముందురోజు చెబితే చాలాచోట్ల చేస్తారు. చేపలు తినేవాళ్లయితే ఆ ఊళ్లో ఆ కాలంలో దొరికేదేమిటో అడిగి తినండి. గోదావరి పులస వరదనీళ్లొచ్చే రోజుల్లోనే సముద్రంనుంచి నదిలోకి ఎదురెక్కుతుంది. ఎండాకాలంలో పులస అని పెడితే అది పులస కాదనే లెక్క.

మనలో కొందరు ఇంకోలా చేస్తారు. కుక్కరూ, కరెంటు పొయ్యీ, పోపులడబ్బాతో సహా మోసుకెళతారు. మా చుట్టాలావిడ ఒకరు నాలుగు రోజుల ప్రయాణానికి రెండు రకాల ఊరగాయలూ, మూడు పొడులూ, పదికిలోల బియ్యమూ తీసుకెళ్లింది. సముద్రం ఎలా ఉందమ్మా అని అడిగితే, "నేను గదిలోనే ఉన్నాను, వంట సరిపోయింది" అంది. ఇంక ఏం చెప్పను? పైగా గదిలో పొయ్యి పెట్టుకోవడానికి చాలా హోటళ్లు ఒప్పుకోవు, నిప్పు ప్రమాదమని. పసిపిల్లలకు పాలు కాచి ఇమ్మంటే ఎవరూ కాదనరు. అంతవరకు చాలు.

బిల్లు చేతికొచ్చాక దాన్ని మగవాళ్లకు అప్పగించేసి పక్కకు తిరగకండి. చీటీ చదివే ఓపిక మనకే ఎక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ఏడున్నరవేల వరకు ఉన్న గదికి పన్ను నూటికి 5 రూపాయలు. అంతకుముందు 12 ఉండేది. పాత లెక్కే వేశారేమో చూసుకోండి. రెండోది, సర్వీసు ఛార్జీ అని భోజనం బిల్లులో తమంతట తాము కలపడం తగదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. మనకు నచ్చి వడ్డించినబ్బాయి చేతిలో పెట్టేది వేరు, అది మన ఇష్టం. బిల్లులో కలిపితే తీసెయ్యమని అడగవచ్చు. నేనడిగాను, తీసేశారు. గొడవేమీ కాలేదు.

గది ఇచ్చే వేళ కూడా చూసుకోవాలండోయ్. మనం చవకని రాత్రి రైలెక్కి తెల్లారి ఆరింటికి దిగుతాం. గదేమో పన్నెండింటికి గాని ఇవ్వరు. ముసలివాళ్లనీ, నిద్రమొహాల పిల్లల్నీ వెంటబెట్టుకుని సామాన్లమీద కూర్చున్న ఆ ఆరుగంటలు దాదాపు ఒకరోజు సెలవును మింగేస్తాయి. ముందే మాట్లాడుకుంటే కొందరు ఊరికేనే ఇస్తారు, కొందరు సగం అద్దె పుచ్చుకుంటారు. శనాదివారాలు తప్పించి మంగళ, బుధవారాలకు అడిగితే ఇలాంటి బేరాలు సులువు. అద్దె కూడా తగ్గుతుంది.

నాగార్జునసాగరానికి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. అక్కడ రెండు ఒడ్లు. ఎడమ ఒడ్డు తెలంగాణ, కుడి ఒడ్డు ఆంధ్ర. హోటలు ఒక ఒడ్డునా, మీరెక్కాలనుకున్న లాంచి మరో ఒడ్డునా ఉంటే ఆటోలకే పొద్దుపోతుంది. ముందే అడగండి. నాగార్జునకొండ మ్యూజియం ద్వీపం మీద ఉంది, లాంచిలో సుమారు గంట ప్రయాణం. శుక్రవారం సెలవు. పాపం, గురువారం రాత్రి దిగి శుక్రవారం చూద్దామనుకున్నవాళ్లని నేనెరుగుదును. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. లోయ మునిగిపోయే ముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన శిల్పాలూ కట్టడాలూ ఆ కొండమీదికి చేర్చారు. పిల్లలకు ముందురోజు రాత్రి ఈ కథ చెప్పి తీసుకెళితే, లాంచిలో వెళుతున్నప్పుడు "అమ్మా, మన కింద ఊరుందా?" అని నీళ్లలోకి చూస్తారు. ఎండాకాలం మాత్రం వద్దు. నీళ్లు అడుక్కి పోతాయి, రాళ్లు కాలిపోతాయి.

సముద్రం సంగతికి వస్తే, చూడడానికి మంచిదంతా దిగడానికి మంచిది కాదు. విశాఖలో రామకృష్ణా బీచి సాయంకాలం కూర్చోవడానికి ఎంతో హాయి. స్నానానికి మాత్రం దిగకూడదు. లోతు హఠాత్తుగా వస్తుంది, రాళ్లున్నాయి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రతా భద్రతా చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. అంతమాత్రాన అక్కడి సముద్రం మనమాట వింటుందని కాదు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక ఇసుక విశాలంగా, వాలు మెత్తగా ఉంటుంది. అందుకే భయం పోతుంది. భయం పోయినచోటే ప్రమాదం జరుగుతుంది. ఎక్కడ దిగవచ్చో కావలివాళ్లనూ, జాలరివాళ్లనూ అడగండి. అల వెనక్కి పోతూ కాళ్లకింది ఇసుకను లాగేస్తుంది చూశారూ, కొన్నిచోట్ల ఆ లాగుడు మనిషినే లోపలికి తీసుకుపోతుంది. అప్పుడు ఒడ్డుకు ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డువెంట పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు మోకాలిదాటి దిగనే దిగకూడదు. పైగా మన చీర! తడిస్తే కాళ్లకు సంకెళ్లే. మోకాళ్లదాకా కట్టుకున్నా సరే, తడిచీరతో పరుగెత్తి పిల్లాణ్ణి పట్టుకోలేం. నీళ్ల దగ్గరికి వెళ్లేరోజు పంజాబీ డ్రెస్సు వేసుకోండి, ఎవరేమనుకున్నా సరే.

ఇక పడవల మాట చెప్పాలి. ఇది కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడింది. కార్తీకమాసం ఆదివారం. సరదాగా వచ్చినవాళ్లు ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్లే పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. ఆ పడవను పైకి తీసేసరికి నెలదాటింది. ఈ రెండూ మన ఇళ్లలో టీవీముందు కూర్చుని చూశాం. చూసి, అయ్యో అనుకుని, మళ్లీ సెలవులు రాగానే పడవెక్కుతున్నాం. ఎక్కవద్దని నేననను. దేశమంతటికీ 1917 నాటి పాత పడవల చట్టం తీసేసి 2021లో కొత్తది తెచ్చారు. కాని రేవులో మెట్లమీద నిలబడ్డ క్షణాన చట్టం మనపక్కన నిలబడదు కదా!

2023 డిసెంబరులో ఒక రేవులో మేము పడవెక్కాం. ఏ రేవో అడక్కండి. కూర్చున్నాక జాకెట్లేవని అడిగాను. "ఉన్నాయండమ్మా, కిందే ఉన్నాయి. అవసరమైతే ఇస్తాం" అన్నాడు. నీళ్లలో పడ్డాక ఇస్తాడా? తియ్యమన్నాను. బల్లకింద నుంచి తీశాడు. చెమ్మకు బూజుపట్టి ఉన్నాయి. కొన్నిటికి పట్టీలు లేవు, కొన్నిటికి కొలికి విరిగిపోయింది. లెక్కపెట్టాను, పద్దెనిమిది. మనుషులం ఇరవైఆరు. పదేళ్ల మావాడికి పెద్దవాళ్ల జాకెట్టు తొడిగి చంకల దగ్గర పైకెత్తి చూశాను. వాడు కిందే ఉన్నాడు, జాకెట్టు తలమీదుగా పైకి వచ్చేసింది. నీళ్లలోనూ అంతే జరుగుతుంది. "రోజుకు పదిసార్లు తిరుగుతాం, ఏం కాదమ్మా" అన్నాడు పడవవాడు. వెనకనుంచి ఒకాయన, "ఈవిడొక్కతికే ప్రాణం తీపి కాబోలు" అన్నాడు. మావారు పదిమందిలో ఇదేమిటని కళ్లతోనే వద్దన్నారు. నేను పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని దిగిపోయాను. ఆయన ఒక్కక్షణం కూర్చునే ఉండి తరవాత దిగారు. డబ్బు తిరిగివ్వలేదు.

ఆ పడవ గంటన్నరకు క్షేమంగానే తిరిగొచ్చింది. అందులోవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతూ దిగారు. మా అమ్మాయి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకే అనుమానమొచ్చింది, అనవసరంగా పిల్లల సరదా చెడగొట్టానా అని. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు. కాని మళ్లీ అలాంటి పడవే వస్తే మళ్లీ దిగిపోతాను.

ఆ తరవాతి మార్చిలో మేము దిండి వెళ్లాం. రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున, చించినాడ వంతెన పక్కన ఉంటుంది. నరసాపురం గాని పాలకొల్లు గాని దిగి వెళ్లవచ్చు. మేమున్న గదికి రెండే మెట్లు. స్నానాలగదిలో వాళ్లే ఒక పొడుగాటి పీట వేయించారు. వాకిట్లో కుర్చీ వేసుకుంటే ఎదురుగా నది, అవతల కొబ్బరిచెట్ల గీత. గొప్ప అలంకారాలేమీ లేవు. పరుపు కాస్త గట్టిగానే ఉంది. దోమలు ఉన్నాయి, సాయంత్రం ఆరయ్యేసరికి తలుపులు వేసుకోవాల్సిందే. సరుకుల కొట్టుకి పోవాలంటే బండి కావాలి. అయినా మా అత్తగారు అక్కణ్ణుంచి కదలనంది.

ఎందుకో మొదటి సాయంత్రం తెలియలేదు. ఆవిడ పుట్టిల్లు ఆ ప్రాంతపు లంకల్లోనే అని మాకు తెలుసు. ఆ ఊరిప్పుడు లేదు, ఏటా కొంచెం కొంచెం గోదావరి కోసుకుపోయింది. అన్నదమ్ములు తలో ఊరికీ వెళ్లిపోయారు. ఆవిడ పెళ్లయి వచ్చాక అటు వెళ్లింది తక్కువ. మర్నాడు పొద్దున పడవ మాట్లాడాం. ఈసారి జాకెట్లు మావారే లెక్కపెట్టారు. పిల్లలవి చిన్నవి అడిగి తెప్పించి, కొలికిలు తానే బిగించారు. నావంక చూడలేదు, నేనూ ఏమీ అనలేదు.

నది మధ్యకు వెళ్లాక మా అత్తగారు పడవవాడితో ఊరిపేరు చెప్పి, ఎక్కడుంటుందని అడిగింది. అతను నడివయసువాడు. "మా తాత చెప్పేవోడండి, ఆయ్. ఇక్కడే ఉండేదంట" అని ఇంజను ఆపేశాడు. చుట్టూ నీళ్లే. ఆవిడ కాసేపు అటూ ఇటూ చూసి, "రావిచెట్టు ఆ కొబ్బరితోటకు తిన్నగా ఉండేది. అంటే మా వాకిలి ఇదే" అంది. పిల్లలు పడవ అంచుమీదనుంచి కిందికి వంగి చూశారు. నేను వెనకనుంచి వాళ్ల జాకెట్ల పట్టీలు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చెయ్యి ముంచి నీళ్లు నోట్లో వేసుకుని, "ఉప్పగా ఉన్నాయి. పోటు నీళ్లు. ఎండాకాలం ఇంతే, మా అమ్మ తాగే నీళ్లకి చెలమ తవ్వేది" అంది. ధవళేశ్వరం దిగువన వేసవిలో సముద్రపు పోటు నదిలోకి ఎంతోదూరం ఎక్కుతుందని అప్పుడు నాకు తెలిసింది.

ఆ రెండు రోజులూ ఆవిడ మంచినీళ్ల చెంబు పక్కనే పెట్టుకుని, వాకిట్లో కుర్చీలో నదివంక చూస్తూ కూర్చుంది. చెంబు రెండుసార్లు నింపి ఇచ్చాను, చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఖాళీ చెయ్యాల్సిన రోజు పదింటికి అబ్బాయి తాళంచెవి కోసం వచ్చాడు. "ఇంకో గంట ఉండనీ నాయనా" అని అడిగాను. ఆవిడవంక చూసి సరేనన్నాడు. ఆ గంటకు అద్దె తీసుకోలేదు.

నాకిచ్చిన వేళ అయిపోవచ్చింది. బెండకాయల దగ్గర అడిగినావిడకు హోటలు పేరు రేపు చెబుతాను. ముందు వాళ్లింట్లో ఎవరెవరు వెళుతున్నారో, వాళ్లత్తగారి మోకాళ్లెలా ఉన్నాయో కనుక్కోవాలి.

సెలవు.